కండ్లు మూసుకుని చేసిన తగవు

సారవ్వ పుట్టింది పుంగనూరులో, నోరున్న వీధిలో. ఆ వీధిలో చర్చికి పోయేవాళ్లు పిడికెడు మందే అయినా తగవులో మాత్రం ఎవరికీ తీసిపోరు. ఆడవాళ్లు కొంగు బిగించి వాకిట్లోకి వస్తే ఇరుగుపొరుగు పనులు ఆపి వినేవాళ్లు. పొద్దుగూకే సరికి తిట్టుకున్న ఇద్దరూ ఒకే పొయ్యి నిప్పుతో అన్నం వండుకునేవాళ్లు.

అలాంటి పిల్లను రెండో ప్రపంచయుద్ధం మొదలైన ఏడాది మదనపల్లె మిషన్ కాంపౌండులో వంటపని చేసే ప్రభుదాసుకిచ్చి పెళ్లి చేశారు. కాంపౌండులో గొంతు పెంచడమే పాపం. కాపురానికి వచ్చిన కొత్తలో మాటలు మింగీ మింగీ ఆమెకు కడుపుబ్బరం పట్టుకుంది. ప్రభుదాసు పాపం సోడా ఉప్పు తెచ్చి కలిపి ఇచ్చాడు.

గుట్టు తెలియడానికి కొంతకాలం పట్టింది. కాంపౌండువాళ్లూ తగవులాడతారు, కాకపోతే మోకాళ్ల మీద. శనివారం సాయంత్రం ప్రార్థనకూటంలో ఒకరు ప్రార్థన చేస్తుంటే మిగతావాళ్లు కళ్లు మూసుకుని మాటమాటకూ ఆమెన్ అనాలి. మధ్యలో అడ్డం రాకూడదు. ఎదుటివాళ్ల నోరు అంత భద్రంగా కట్టేసే ఉపాయం పుంగనూరులో ఎవరికీ తోచలేదు.

అసలు గొడవ మేకతో వచ్చింది. అది సారవ్వ పుట్టింటి నుంచి తెచ్చుకున్న మేక. జ్వరంపడి లేచిన ఆమె రెండేళ్ల కూతురికి ఆ పాలు తప్ప ఇంకేదీ కడుపులో నిలిచేది కాదు. అలాంటి మేక ఒకరోజు సంఘపెద్ద సత్యవేదం ఆరేసుకున్న నల్లకోటు వెనకభాగం నమిలేసింది. అది ఏదో ఊరికి బదిలీ అయిపోతూ ఒక దొర ఇచ్చిన కోటు. పెళ్లిళ్లకీ చావులకీ ఆదివారం ఆరాధనకీ ఆయనకు అదొక్కటే.

ఆ శనివారం సత్యవేదం భార్య కృపమ్మ ప్రార్థన ఎత్తుకుంది.

“ప్రభువా, మాలో ఒక సోదరి ఉండాది. పేరు నేను సెప్పను, నీకు తెలుసు. మేకను తోలుకోని పుంగనూరు నుంచి వచ్చినామె. ఆ మేకను కుప్పంలోని వాళ్ల ఆడబిడ్డ ఇంటికి పంపేసే మంచి మనసు ఆ సోదరికి దయచెయ్యి తండ్రీ.”

అందరూ ఆమెన్ అన్నారు. అందరికన్నా గట్టిగా అన్నవాడు ప్రభుదాసు. ఇంటికి పోతూ సారవ్వ మొగుణ్ణి నిలదీసింది. అందరూ అంటాండారు, నేనూ అంటిని అన్నాడు ఆయన, తనకేం తెలుసన్నట్టు. వచ్చే శనివారం దాటితే మేకను తోలెయ్యాలని పెద్దలు అనుకున్నారట.

సారవ్వ తిన్నగా గాజుల లాల్ అహ్మద్ అంగడికి పోయింది. ఆయన తగవంటే ప్రాణం పెట్టే మనిషి. బేరం ఆడకుండా ఎవరైనా గాజులు కొంటే ఆయనకు అన్నం సయించేది కాదు. ఆమె చెప్పిందంతా విని తల పట్టుకున్నాడు.

“కండ్లు మూసుకోని కొట్లాడేవాళ్లను మీకాడే సూస్తాండాను సారమ్మా. మేమైతే గొంతు పోయేదాకా అరుచుకోని, టీ తాగి పోతాము.”

సారవ్వ గాజుల సంగతి అడగలేదు, ఇంకొకామెకు ఆయన గాజులు అమ్మడం చూస్తూ కూర్చుంది. ఎండ ఎక్కువుండాది కదమ్మా అన్నాడు. అవునంది గాజులకు వచ్చినామె. పెళ్లికూతురు చెయ్యి మెత్తన కదమ్మా అన్నాడు. అవునంది. డజను చాలవు కదమ్మా అన్నాడు. అవునని, రెండు డజన్లు మోసుకుని పోయిందామె. సారవ్వకు నవ్వాగలేదు.

శనివారం వచ్చింది. ఎప్పుడూ నోరు తెరవని సారవ్వ, ఈసారి తానే ప్రార్థన చేస్తానంది. కృపమ్మ పైకి సంతోషపడింది.

వాన కురిపించమని వేడుకుంది సారవ్వ. ఆమెన్ అన్నారు. యుద్ధానికి పోయిన పిల్లోళ్లు క్షేమంగా తిరిగిరావాలంది. ఆమెన్. సత్యవేదం అయ్యగారి మోకాళ్ల నొప్పులు తగ్గాలంది. ఆయన ఆమెన్ గోడలు అదిరేట్టు వినిపించింది. దేవుడు ఆయనకు ఆ కోటు కన్నా మంచి కోటు ఇవ్వాలంది. దానికి ఆయన రెండుసార్లు ఆమెన్ అన్నాడు. అదే ఊపులో, ఊపిరి తీసుకోకుండా,

“ఈ పసిబిడ్డ కోసరం మేకను ఈడనే ఉంచు తండ్రీ.”

“ఆమెన్” అన్నాడు సత్యవేదం.

కృపమ్మ ఒక కన్ను తెరిచి మొగుడి వంక చూసింది. అన్న ఆమెన్ వెనక్కి తీసుకోవడం ఆ సంఘంలో ఎవరూ చెయ్యని పని. ఆయన చేతిలోని బైబిలు పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు.

కృపమ్మ మాత్రం ఊరుకునే రకం కాదు. వెంటనే మళ్లీ కళ్లు మూసుకుని, చిరిగిన కోటు కుట్టే ఓపిక కూడా ఆ సోదరికే ఇమ్మని దేవుణ్ణి అడిగింది. కూటంలో అందరి నోటితో పాటు సారవ్వ నోరూ తెరుచుకుంది. ఆమెన్ అనేసింది.

నల్లగుడ్డ ఎక్కడా దొరకని రోజులవి. సారవ్వ తన పాత ఎర్రచీర కొంగు చింపి అతుకు వేసింది. ఆదివారం సత్యవేదం ఆ కోటు తొడుక్కుని, గోడకు వీపు ఆనించి నిలబడి ఆరాధన మొత్తం జరిపించాడు. పాటలప్పుడు కూడా పక్కకు తిరగలేదు. ముందు వరసలో సారవ్వ ఒళ్లో, కడుపునిండా పాలు తాగిన కూతురు గురక పెడుతూ ఉంది.