మొహం వదిలెయ్, చెయ్యి చూడు

మా మేనమామ సినిమాలో మొహాలు చూడడు, చేతులు చూస్తాడు. తెర మీద అమ్మ ఏడుస్తూ కూర తరుగుతుంటే హాలంతా ముక్కులు చీదుతుంది. మామయ్య మాత్రం "కత్తి అలా పడితే వేలు తెగదూ!" అంటాడు. ముప్పై ఏళ్లు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేశాడు. మొహం ఎన్ని వేషాలైనా వేస్తుందని, చేతికి ఆ తెలివి లేదని ఆయన నమ్మకం.

ఆయన మెచ్చిన సినిమా ఒక్కటే. పాత నలుపు తెలుపు బొమ్మ. ఫ్యాక్టరీ కార్మికుడొకడు గతిలేక గోదాములో దొంగతనం చేస్తాడు. మర్నాడు పోలీసులు షెడ్డులోకి వస్తారు. వాడు తలెత్తడు. బోల్టు బిగిస్తూనే ఉంటాడు.

"చూశావా, చెయ్యి ఆగింది!"

"ఏదీ?"

"నువ్వు మొహం చూశావు. మళ్లీ చూడు."

టీవీలో ఆ సీను వెనక్కి తిప్పి చూపించాడు. నిజమే, స్పానరు ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది.

"డైలాగు లేదు, కన్నీరు లేదు. అదీ నటనంటే!"

అదే సినిమాలో హీరో స్నేహితుడు స్పానరు పట్టాడంటే మాత్రం మామయ్యకు బీపీ పెరిగేది. "వీడు బిగిస్తున్నాడా, విప్పుతున్నాడా? ముందు అది తేల్చమను!" ముప్పైసార్లు చూశాం. ముప్పైసార్లూ వాడు తేల్చలేదు.

ఇక నా సంగతి. కెమిస్ట్రీ చదివాను. మా పాప స్నానం నీళ్లలో రెండు థర్మామీటర్లు పెట్టి సగటు తీసే రకం. ఆ సగటు నోటుబుక్కులో ఎక్కించేలోగా నీళ్లు చల్లారేవి. మళ్లీ కాచేవాణ్ణి. "నాకేం భయం లేదు మామయ్యా" అంటూ పాపను ఎత్తుకుంటే, "మొహం నవ్వుతోందిరా, వేళ్లు మాత్రం బాంబు పట్టుకున్నట్టున్నాయి" అనేవాడు.

పాపను నర్సరీలో వేశాం. రోజూ గేటు దగ్గర ఏడుపే. నేను పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ చెయ్యి ఊపేవాణ్ణి. ఇంకా గట్టిగా ఏడ్చేది. శుక్రవారం టీచరమ్మ చెప్పేసింది: "సోమవారం కూడా ఇలాగే ఉంటే వచ్చే ఏడాది చూద్దామండీ." మా ఆవిడ సెలవులా, ఆదివారంతో ఆఖరు.

"నీ నవ్వు చూస్తే నాకే ఏడుపొస్తోంది" అన్నాడు మామయ్య. "మొహం వదిలెయ్. చేతులకు పని చెప్పు. బూటు లేసు కట్టు, సంచి తగిలించు, నీళ్ల సీసా మూత బిగించు. తిరిగి నడువు. అంతే."

"అది ఏడిస్తే?"

"ఏడవనీ. నాకైతే చీమ కుట్టినట్టైనా లేదు."

సోమవారం అలాగే చేశాను. లేసు, సంచి, మూత. పాప నా చేతులనే చూస్తూ ఏడుపు మర్చిపోయింది. "నాన్నా, మూత ఇంకా గట్టిగా" అని లోపలికి పోయింది. నేను తిరిగి నడిచాను. వీధి మలుపు దాకా. తర్వాత గోడచాటున నక్కాను. మళ్లీ ఏడిస్తే ఎంతసేపో నోటుబుక్కులో రాసుకోవద్దూ?

ఎదురుగా మూసిన కొట్టు ముందు ఎవరో సైకిలు బోర్లా పెట్టి చక్రం నట్టు తిప్పుతున్నారు. పావుగంటగా అదే నట్టు. సైకిలు చూస్తే కొత్తది. ఆ బట్టతల మాత్రం నాకు బాగా తెలిసినదే.

ఇంతలో లోపల్నుంచి పాప ఏడుపు వినిపించింది.

మామయ్య తలెత్తలేదు. స్పానరు ఆగింది.

కాసేపటికి అదే గొంతు పకపకా నవ్వింది. స్పానరు మళ్లీ కదిలింది.

మెల్లగా ఆయన వెనక్కి చేరాను. "మామయ్యా, బిగిస్తున్నావా, విప్పుతున్నావా? ముందు అది తేల్చు."

ఉలిక్కిపడ్డాడు. "నువ్వింకా పనికి పోలేదూ?"

"ఎన్నాళ్ల నుంచి ఈ రిపేరు?"

"పాప చేరిన రోజు నుంచి."

"చీమ కుట్టినట్టైనా లేదన్నావు?"

"అది డైలాగురా! డైలాగులు నమ్మొద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాను?"

గబగబా సైకిలు నిలబెట్టాడు. ముందు చక్రం ఊడి, రోడ్డు దాటి, దొర్లుకుంటూ పోయి నర్సరీ గేటుకు ఠంగుమని తగిలింది.

టీచరమ్మ గేటు తీసింది. చక్రాన్ని చూసింది. గ్రీజు చేతుల మామయ్యను, నోటుబుక్కుతో నన్ను చూసింది.

"పాప కుదురుకుందండీ" అంది. "ఇక మీరిద్దరే మిగిలారు."