వెనక సీటు మీద కూర్చుని కొన్న బండి

పోయిన వారం, పొద్దున్నే ఆఫీసుకి బయల్దేరుతూ బూట్లు తొడుక్కుంటుంటే ఫోను మోగింది. మెట్టుగూడ నుంచి గార్డుగారు. "బాబూ, మీ టీచరుగారు నిద్రలోనే వెళ్లిపోయారు," అన్నారు. ఆ వెంటనే, "నువ్వొచ్చి ఆ బండి ఒకసారి స్టార్టు చేసి చూడు. ఇవాళ పనులకి కావాలి కదా," అన్నారు. భార్య పోయిన పొద్దున బండి సంగతి ఎత్తడమేమిటని మీకు అనిపించవచ్చు. నాకైతే అంతవరకూ రాని ఏడుపు ఆ మాటకే వచ్చింది.

ఆవిడ నాకు పాఠం చెప్పిన టీచరు కాదు. నా పెళ్లికి ముందు మేం మెట్టుగూడలో వాళ్ల పక్క వాటాలో అద్దెకుండేవాళ్లం. వీధి వీధంతా ఆవిడని టీచరుగారనీ, గూడ్సు రైళ్లలో పనిచేసే ఆవిడ భర్తని గార్డుగారనీ పిలిచేది. మేమూ అలాగే పిలిచాం. వాళ్లది గుంటూరు వైపు, ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే కుటుంబం. మాది శ్రీకాకుళం. నేను రాణీగంజ్‌లో మోటారు పంపులమ్మే దుకాణంలో పనిచేసేవాణ్ణి. నాకో మోటారుసైకిలు ఉండేది. దాంతోపాటు, బళ్ల గురించి నాకు తెలియంది లేదన్న నమ్మకం కూడా ఉండేది.

టీచరుగారికి యాభై దాటాక, యాప్రాల్‌లో ఒక చిన్న స్కూలు వాళ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా రమ్మన్నారు. అంతకు కొన్నేళ్ల ముందు ఒకసారి పిలిస్తే ఆవిడ వెళ్లలేకపోయారు. అప్పట్లో యాప్రాల్ అంటే బండరాళ్లు, తుమ్మచెట్లు, అక్కడో ఇల్లు ఇక్కడో ఇల్లు. తిరుమలగిరి దాకా బస్సు దొరికేది, అక్కణ్ణించి దొరికితే దొరికినట్టు. గార్డుగారు డ్యూటీకెళితే ఎప్పుడొస్తారో ఆయనకే తెలియదు, ఆయన స్కూటరేమో స్టేషను దగ్గర స్టాండులో పడి ఉండేది. "రెండోసారి అడిగారు. మూడోసారి అడగరు బాబూ," అన్నారు ఆవిడ. జూన్‌లో స్కూలు తెరిచేనాటికి సొంతంగా వచ్చిపోయే ఏర్పాటు చేసుకుంటేనే ఆ ఉద్యోగం. లేకపోతే ఉన్నచోటే, ఉన్న క్లాసులోనే రిటైరైపోవాలి. ఆవిడకి సైకిలు తొక్కడం కూడా రాదు.

మోపెడ్ కొనుక్కోమన్నారు గార్డుగారు. చిన్న చక్రాల స్కూటరు మీంచి టీచరుగారు అంతకుముందు రెండుసార్లు కింద పడ్డారు. రెండుసార్లూ నడిపింది గార్డుగారే. అందుకని ఆయన ఆ వాదన ఎక్కువసేపు సాగదీయలేదు. యాప్రాల్ గతుకులకి పెద్ద చక్రాలు కావాలి, కాబట్టి మోటారుసైకిలే, అదీ పాతదే అని తేల్చారు ఆవిడ. కొత్తది పడేస్తే మనసుకి కష్టంగా ఉంటుందట.

అసలు కారణం నాతో విడిగా చెప్పారు. "ఇరవై ఏళ్లకు పైగా వెనక సీటు మీద ఒక పక్కకి తిరిగి కూర్చుంటున్నాను. ఏ రోడ్డు మీద వెళ్లినా నాకు ఎడమవైపే కనిపిస్తుంది. ముందేముంటుందో నేనెప్పుడూ చూడలేదయ్యా. తల తిప్పితే ఈయన భుజం." నేను నవ్వాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఇంటికెళ్లి మా అమ్మని అడిగాను. "ఎడమపక్క దుకాణాలు ఎల్లీటప్పుడు చూస్తాను, ఆ పక్కవి వచ్చీటప్పుడు చూస్తాను. ఎదురుగా చూడ్డానికి మీ నాన్న ఉన్నారు కదేటి," అంది మా అమ్మ, అందులో వింతేమీ లేనట్టు.

మొదట ఒక పాత బళ్ల షెడ్డుకి వెళ్లాం. షెడ్డువాడు నల్లటి బండి ఒకటి బయటికి తోసుకొచ్చాడు. "ఇంజన్ మస్తుంటది సార్. ఒక్క కిక్కుకు షురూ అయితది. మీకేం పరేషాన్ ఉండది," అని నాతో అన్నాడు. బండి నాకు కాదు, ఆవిడకని చెప్పాను. అతను ఆవిడ చీర వైపోసారి, బండి వైపోసారి చూశాడు. "అయితే జెర నడిపి సూడుండ్రి మేడమ్."

"నడపడం ఇంకా రాదు. మా బాబు నడుపుతాడు, నేను వెనక కూర్చుంటాను."

"కొనేటోళ్లు ఎన్క కూసుంటె ఏం ఎర్కైతది మేడమ్?"

"వచ్చిన పనే కదా చెయ్యాలి," అని ఆవిడ చీర సర్దుకుని ఎక్కి కూర్చున్నారు.

ఆ చుట్టుపక్కల నాలుగు వీధులు తిప్పుకొచ్చాను. బండి నాకు బాగా నచ్చింది. ఆవిడ దిగి, కాళ్లు విదిలించుకుని, "ఇది ఎక్కడో గట్టిగా గుద్దుకుంది. దారి పొడుగునా కాళ్లవైపుకి జారిపోతూనే ఉన్నాను. ఒక పక్కకి ఒరిగి నడుస్తోంది," అన్నారు. నాకు ఆ వంకర ఏమాత్రం తెలియలేదు. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది: హ్యాండిలు చేతిలో ఉన్నవాడు తనకి తెలియకుండానే వంకరని సర్దేసుకుంటాడు. వెనక ఉన్నవాళ్లకి సర్దడానికి చేతిలో ఏమీ ఉండదు. షెడ్డువాడు కాసేపు నసిగి, "గుద్దింది నిజమే మేడమ్. మీరు రోజు వచ్చి నా బండ్ల మీద కూసోండ్రి, నౌకరీ ఇస్తా," అన్నాడు.

ఆ తర్వాత ఒక ఎర్ర బండి చూశాం. దాని మీద నేను మనసు పారేసుకున్నాను. ఆవిడ మాత్రం వెనక నుంచి దిగి, కుడిపాదం ఎడమపాదం మీద రుద్దుకుంటూ నిలబడ్డారు. "తిమ్మిరెక్కింది. ఇంజను వణుకంతా పాదాల్లోకే వచ్చేస్తోంది. బాగుంటే నువ్వు కొనుక్కో." నేను కొనుక్కోలేదు. అప్పటికి నా పాదాలు కూడా తిమ్మిరెక్కినట్టే ఉన్నాయి.

ఇలా ఏప్రిల్ అంతా గడిచింది. ఆవిడ ఎందుకు కాదంటారా అని నాకు ఎంత ఆసక్తి పుట్టిందంటే, ఆదివారం ఆవిడ చర్చి నుంచి వచ్చే వేళకి నేనే తయారై గుమ్మంలో నిలబడేవాణ్ణి.

చివరికి తిరుమలగిరిలో దొరికింది. బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక మిలిటరీ ఆయన తన బండి అమ్ముతున్నాడని తెలిసి వెళ్లాం. విజయనగరం వాళ్లు. ఆయన బండి పక్కన నిలబడి మైలేజీ గురించీ టైర్ల గురించీ గడగడా చెప్పుకుపోయాడు. టీచరుగారు అంతా విని, గుమ్మంలో చాటలో బియ్యం ఏరుకుంటున్న ఆయన భార్య దగ్గరికి వెళ్లి గట్టు మీద కూర్చున్నారు. "ఈ బండి వెనక కూర్చునేది మీరే కదమ్మా. ఎలా ఉంటుంది?"

ఆమె ఆయన వైపు చూసింది. ఆ ప్రశ్న తనని ఎవరైనా అడుగుతారని ఆమె అనుకున్నట్టు లేదు. చాట పక్కన పెట్టి మొదలెట్టింది. "గతుకులకి బాగుంటాదండి, నడుం పట్టీదు. సీటు ముందుకి వాలుగుంటాది, ఈయన గబుక్కున బ్రేకేస్తే మీదకి ఎల్లిపోతాం. చీర చక్రంలో పడకుండా జాలీ ఉంటాది కదండీ, స్టైలుగా లేదని ఈయన ఊడదీసీసారు. నాను గోల చేసి మళ్లీ పెట్టించినాను. వానలో తడిస్తే ఓ పట్టాన స్టార్టవదండి. ప్లగ్గు విప్పి పొడి గుడ్డతో తుడిస్తే అయిపోతాది."

"అది చెప్పాలేటి ఇప్పుడు?" అన్నాడు ఆయన, మొహం ముడుచుకుని.

"అడిగినారు కదా," అంది ఆమె.

టీచరుగారు వెనక కూర్చున్నారు, నేను బజారు దాకా తిప్పుకొచ్చాను. ఆమె చెప్పినదాంట్లో ఒక్క ముక్క తేడా లేదు. "ఇదే," అన్నారు టీచరుగారు దిగుతూనే. తిరిగొచ్చేటప్పుడు నాతో అన్న మాట ఇది: "వెనక కూర్చున్నవాళ్లకి బండి గురించి అంతా తెలుసు. వాళ్లనెవరూ అడగరు, అంతే."

బండి కొన్నంత తేలిగ్గా నడపడం రాలేదు. పొద్దున్నే రైల్వే గ్రౌండుకి తీసుకెళ్లేవాణ్ణి. ఆవిడ పంజాబీ డ్రెస్సు వేసుకుని, పైట అలవాటు కొద్దీ చున్నీని నడుముకి బిగించి కట్టుకుని వచ్చేవారు. క్లచ్చు వచ్చింది, గేర్లు వచ్చాయి, బ్రేకు వచ్చింది. బండి మాత్రం తిన్నగా పోదు. ఎంత చెప్పినా ఎడమకే పోతుంది. గోడలోకి ఒకసారి, క్రికెట్ ఆడేవాళ్ల మధ్యలోకి ఒకసారి వెళ్లిపోయింది. నేను హ్యాండిలు చూశాను, చక్రాలు చూశాను, అంతా సరిగ్గానే ఉంది. మే నెల సగం గడిచిపోయింది. ఒకరోజు మోచెయ్యి గీరుకుపోయి, మట్టిలో అలాగే కూర్చుని, "స్కూలు వాళ్లకి రానని చెప్పేస్తాను బాబూ. వేరే ఎవరినైనా చూసుకుంటారు," అన్నారు. ఆ గొంతులో అంత నీరసం నేనెప్పుడూ వినలేదు.

ఆ రోజు గార్డుగారు డ్యూటీ దిగి తిన్నగా గ్రౌండుకే వచ్చారు. కాసేపు గట్టు మీద కూర్చుని చూశారు. "బండిది కాదు తప్పు. నువ్వు ఎడమవైపు చూస్తున్నావు. చూసిన వైపే పోతోంది," అన్నారు.

నిజమే. అన్నేళ్లుగా బండి కదలగానే ఎడమకి చూడటం ఆవిడ మెడకి అలవాటైపోయింది. "చూడకుండా ఉండలేకపోతున్నానండీ. ఆ పక్కన ఏదో జరుగుతున్నట్టే ఉంటుంది," అన్నారు టీచరుగారు.

గార్డుగారు లేచి, ప్యాంటు దులుపుకుని, వెనక సీటెక్కారు. "పోనీ. ఎడమవైపు నేను చూసి చెప్తాను. నువ్వు ముందుకే చూడు. నా డ్యూటీ అదే కదా, డ్రైవరు ముందు చూసుకుంటాడు, మిగతాదంతా గార్డు చూసుకోవాలి."

బండి కదిలింది. "ఎడమవైపు గోడ. గోడ మీద ఎవరో లుంగీ ఆరేశారు. రెండు మేకలు. ఒక పిల్లాడు జామకాయ తింటున్నాడు," అని ఆయన పెద్దగా చెబుతూనే ఉన్నారు. టీచరుగారి మెడ కదల్లేదు. బండి గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివర దాకా తిన్నగా పోయింది. ఆ చివర నుంచి ఆవిడ నవ్వు వినిపించింది. "ముందు చాలా ఖాళీగా ఉందండీ," అంటున్నారు.

లైసెన్సు పరీక్షలో వెనక ఎవరూ కూర్చోకూడదు. మళ్లీ ఎడమకి పోతుందేమోనని నా భయం. ఆవిడ ఎనిమిది అంకె చుట్టూ చక్కగా తిరిగొచ్చారు. ఎలా అని అడిగితే, "ఎడమవైపు ఏముందో తెలుసుగా. ఈయన నిలబడి ఉన్నారు," అన్నారు.

జూన్‌లో స్కూలు తెరిచిన రోజు టీచరుగారు తన బండి మీదే యాప్రాల్ వెళ్లారు. రిటైరయ్యేదాకా అలాగే వెళ్లారు. చర్చిలో మొదట్లో ఏవో మాటలు వచ్చాయి. కొన్నాళ్లకి ఆ మాటలన్నవాళ్లే లిఫ్టు అడగడం మొదలెట్టారు. ఎవరెక్కినా కిరాయి ఒకటే. బండి కదలగానే ఆవిడ, "ఎడమవైపు ఏముంది?" అని అడిగేవారు. ఎక్కినవాళ్లు చెప్పాలి. బండరాళ్లు పగలగొడుతున్నారనీ, పునాది తీశారనీ, ఇల్లు లేచిందనీ, గృహప్రవేశానికి అరటిచెట్లు కట్టారనీ, యాప్రాల్ పెరగడమంతా ఆవిడ అలా విన్నారు. స్కూల్లో కూడా ఏ క్లాసు ఎలా సాగుతోందో చూడాలంటే చివరి బెంచీలో కూర్చునేవారట. అక్కడి పిల్లల్ని అడిగేవారట. ఎందుకో నాకు తెలుసు.

అంత్యక్రియల రోజున పూలకీ, పాస్టరుగారిని తీసుకురావడానికీ, అన్నిటికీ నేను ఆ బండి మీదే తిరిగాను. సమాధి దగ్గర ప్రార్థన అయ్యేసరికి జల్లు పడింది. బంధువులు కారు తలుపు తెరిచి పట్టుకున్నారు. గార్డుగారు మాత్రం, "నేను బండి మీద వస్తాను," అని వచ్చి నా పక్కన నిలబడ్డారు. నాలుగు కిక్కులు కొట్టినా స్టార్టవలేదు. ఆయన జేబులోంచి రుమాలు తీసి ఇచ్చారు. ప్లగ్గు తుడిచి బిగించాను. అయింది.

మెట్టుగూడ వైపు తిరిగాం. "ఎడమవైపు ఏముంది గార్డుగారూ?" అన్నాను.

ఆయన చూసి చెప్పడం మొదలెట్టారు. "బస్టాపు. ఎవరూ లేరు. గొడుగు కింద మొక్కజొన్న పొత్తులు కాలుస్తోంది ఒకామె. స్కూలు పిల్లలు తడుస్తున్నారు." కాస్త ఆగారు. "ఇక్కడ ఏదో కొత్త దుకాణం. షట్టరుకి రంగేస్తున్నారు. బోర్డింకా పెట్టలేదు. పెట్టాక చెప్తాలే."

ఆ మాట నాతో అన్నది కాదు. నేను ముందుకే చూస్తూ బండి పోనిచ్చాను.