సీతారామాంజనేయులు గారి నాలుక

మా కాలనీలో సీతారామాంజనేయులు గారిల్లు ఎక్కడని అడిగితే, చిన్న పిల్లలు కూడా "ఆ తిండి అంకులేనా?" అని ఎదురడుగుతారు. ఆయనకు కోపం రాదు సరికదా, మొహం వెలిగిపోతుంది. ఏలూరు దగ్గరి మనిషి. బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ క్లర్కు. అందరూ వద్దనే రెండో షిఫ్టు ఆయన ఏరికోరి రాయించుకున్నారు. పొద్దున పూటంతా తినడానికి ఖాళీ దొరుకుతుంది కదా మరి. నేను బడినుంచి రిటైరయ్యాక ఆయన స్కూటరు వెనక సీటు నాదైపోయింది.

ఎక్కడెక్కడికి తిప్పారని! కూకట్‌పల్లిలో కనకమ్మ గారి వరండాలో పెసరట్టు. ఆవిడకి బోర్డు లేదు, బెంచీ లేదు, అరుగు మీద కూర్చుని తినాలి. ఫ్యాక్టరీ గేటు ఎదుట బండి మీద మిరపకాయ బజ్జీ, లోపల వాముపొడీ చింతపండూ కూరి వేసేది. రాయదుర్గం పోయే దారిలో, బండలు కొట్టేవాళ్లకి టార్పాలిన్ పట్టా కింద నర్సమ్మ వేసే జొన్నరొట్టె. వీటన్నిటికీ పైన, మాదాపూర్‌లో రాజరాజేశ్వరి గారి భోజనం.

రాజరాజేశ్వరి గారి భర్త పట్టాభిరామయ్య గారు బాలానగర్‌లోనే ఒక వర్క్‌షాపులో పనిచేసేవారు. అది మూతపడ్డాక కిరాయింటి ముందుగదిలో నాలుగు బల్లలు వేసి, భార్య వండగా ఈయన వడ్డించడం మొదలుపెట్టారు. అప్పుడప్పుడే మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్నాయి. చుట్టూ బండలు పేలుస్తుంటే కిటికీలు అదిరేవి, ఆకుల మీద దుమ్ము పడేది. అయినా ఆవిడ ముక్కలపులుసు కోసం జనం వచ్చేవారు. ఒక కంప్యూటర్ కంపెనీలో పనిచేసే చైతన్య అనే కర్నూలు కుర్రాడు మా వీధిలోనే అద్దెకుండేవాడు. వాళ్లాఫీసు వాళ్లకి రోజూ మధ్యాహ్నం క్యారియర్లు కావాలంటే, ఆంజనేయులు గారు రాజరాజేశ్వరి గారి పేరు చెప్పారు. గురువారం వచ్చి తిని చూస్తానన్నాడు ఆ అబ్బాయి. అది కుదిరితే ఆ ఇల్లు నిలబడుతుంది. కుదరకపోతే మళ్లీ ఊరెళ్లిపోవడమే అని పట్టాభిరామయ్య గారు మాటవరసకన్నట్టు అన్నారు. కానీ నిండిన గ్లాసులోనే మళ్లీ నీళ్లు పోశారు.

ఇంతలో వచ్చిందండీ చిక్కు. ముందటి వారం ఒకనాడు పప్పు నోట్లో పెట్టుకుని ఆంజనేయులు గారు ఆగిపోయారు. ఉప్పు కషాయం. పక్కవాళ్లవైపు చూస్తే ఎవరూ ఏమీ అనడం లేదు, మజ్జిగ మాత్రం మళ్లీ మళ్లీ పోయించుకుంటున్నారు. మర్నాడు పులుసులో అసలు ఉప్పే లేదు. నాకూ అలాగే అనిపించింది గానీ, మాత్రలు వాడే నోరు నాది, దాన్ని నమ్మి ఏం చెప్పను? ఆయనైతే ఆవిడ వంటని తప్పు పట్టనే లేదు. తన నాలుకే పాడైందనుకున్నారు.

ఇంక చూడండి ఆయన బెంగ. అద్దం ముందు నాలుక చాపి చూసుకోవడం, భార్య జయంతి గారిని టార్చి పట్టుకోమనడం. "ఆఫీసుకి సెలవు పెట్టమంటే పెట్టరు గానీ, నాలుకకి మాత్రం డాక్టరు కావాలిట" అని ఆవిడ నాతో మొరపెట్టుకున్నారు. చివరికి ఒక ఉపాయం ఆలోచించారు. తనకు బాగా తెలిసిన చోట్లన్నీ తిరిగి, తెలిసిన రుచులు తిని, నాలుకకి పరీక్ష పెట్టడం. నన్నెందుకు వెంట తీసుకెళ్లారంటే, పరీక్షలు దిద్దినవాణ్ని కదా అన్నారు.

పెసరట్టులో అల్లం తెలిసింది. బజ్జీలో వాము తెలిసింది, మంట చెవులదాకా తెలిసింది. ఒక్కొక్కటీ తినగానే ఆయన మొహం తేటపడటానికి బదులు ఇంకా వాడిపోతోంది. ఎందుకో నాకు నర్సమ్మ దగ్గరికెళ్లాక గానీ అర్థం కాలేదు. రొట్టె తుంచి పచ్చడిలో అద్ది, నోట్లో పెట్టుకోకుండా అలాగే పట్టుకుని కూర్చున్నారు.

"ఏంది సారూ, గట్ల చూస్తున్నవ్? పరేషాన్ ఉన్నవా?" అంది నర్సమ్మ.

"ఉప్పు సరిపోయిందంటావా?"

"నన్నడుగుతవేంది? నోరు నీది గద. తిను జర."

తిన్నారు. సరిగ్గా సరిపోయింది. రొట్టె మడిచి ఆకులో పెట్టేసి, "నాలుక బాగానే ఉంది మాస్టారూ" అన్నారు, ఏదో చెడ్డకబురు చెప్పినట్టు. నాలుక బాగుంటే మరి పాడైందేమిటి? అదీ ఆయన దిగులు. గురువారం ఎల్లుండికొచ్చింది.

చెప్పేద్దామన్నాను. ఎలా చెప్తారని ఆయనడిగారు. ఆవిడ మడి కట్టుకుని వండుతుంది. దేవుడికి నైవేద్యం పెట్టకముందు చెంచాడు పులుసు కూడా నాలుకకి తాకించదు. ఎంగిలి చేసింది దేవుడికెలా పెడుతుంది? పెట్టాక కూడా, వచ్చినవాళ్లు తినకుండా తను తినదు. ఉప్పు పడిందో లేదో ఉడుకుతున్న గిన్నె మీద ఆవిరి పీల్చి చెప్పగలనని ఆవిడ గర్వం. అది ఉత్తి గొప్ప కాదని ఇన్నేళ్లూ చూశాం. అలాంటి మనిషితో మీ వంట చెడిందని, పరీక్షకి ముందు చెప్తే చేతులాడతాయా? చెప్పకపోతే గురువారం ఆకులో ఏం పడుతుందో! రెండు రోజులూ ఆయన నిద్రపోలేదని జయంతి గారన్నారు.

గురువారం చైతన్య రావడానికి చాలా ముందే మేమిద్దరం మాదాపూర్ చేరాం. వరండాలో కూర్చున్నాం. ఆంజనేయులు గారు గొంతు సవరించుకోవడం, ఊరుకోవడం, మళ్లీ సవరించుకోవడం. లోపల్నుంచి ఆవిడ తుమ్ములు వినిపిస్తున్నాయి. ఆఖరికి ఆయన, షిఫ్టు ముందుకి జరిగింది, కాస్త తొందరగా వడ్డిస్తే వెళ్లిపోతానని అబద్ధమాడారు. గుమ్మంలోకి వచ్చిన రాజరాజేశ్వరి గారు ఆయన్ని ఒక క్షణం అలాగే చూసి లోపలికెళ్లారు. గంట మోగింది. నైవేద్యం ఆవేళ ముందే అయిపోయింది. పట్టాభిరామయ్య గారు లేచేలోపు ఆవిడే స్వయంగా వచ్చి ఆకు వేసి వడ్డించారు.

కూర బాగుంది. పప్పు బాగుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. పులుసు కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నారు ఆంజనేయులు గారు. చెయ్యి ఆకు మీదే నిలిచిపోయింది.

"ఉప్పు లేదు కదూ అన్నయ్యగారూ?" అన్నారావిడ.

ఆయన తల వంచుకునే, "లేదమ్మా" అన్నారు.

ఆవిడ గోడకానుకుని నిలబడిపోయారు. జలుబు తగ్గినట్టే తగ్గి ఈ దుమ్ముకి మళ్లీ పట్టుకుందట. అప్పట్నుంచీ వాసనే తెలియడం లేదట. ఇంగువ పొంగించినా అంతే, కరివేపాకు నలిపినా అంతే. ఉప్పు వేశానో లేదో అని అనుమానం, వేసిందాని మీద మళ్లీ వేయడం, లేదంటే మానేయడం. అందరూ వెళ్లాక తను తినేటప్పుడు గానీ తప్పు తెలిసేది కాదు. భర్తకి బీపీ, ఆయనకి విడిగా చప్పిడి కూర, ఆయన్నడిగి లాభం లేదు.

"రోజూ మీ మొహమే చూస్తున్నా. మీరు నోరు విప్పరు. నాకేమో అడగడానికి సిగ్గు" అన్నారు.

"దేవుడు నాకంటే ముందే తిన్నాడుగా. ఆయన మాత్రం నోరు విప్పాడా?" అన్నారు ఆంజనేయులు గారు.

ఆవిడ కళ్లు తుడుచుకుంటూనే నవ్వేశారు. పులుసు మళ్లీ పొయ్యెక్కింది. ఉప్పు వేశారు, మరిగించారు, ఆకులో గరిటెడు పోశారు. ఇంకొంచెం అన్నారీయన. ఇంకొంచెం పడింది. మూడోసారికి తల పంకించి, గబగబా ఆకు మడిచి లేచారు. చేతులు కడుక్కుంటుంటే బయట మోటారు సైకిలు ఆగింది.

చైతన్య తినడం మొదలుపెట్టాడు. వాడి దవడలవైపు నలుగురం కన్నార్పకుండా చూస్తున్నాం. పులుసు రెండోసారి పోయించుకున్నాడు. అది బాగుండా, బాగాలేక మళ్లీ చూస్తున్నాడా? ఆంజనేయులు గారు నా మోచెయ్యి పట్టుకుని పిసికేస్తున్నారు. ఆ కుర్రాడు మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, తీర్పు చెప్పాడు.

"కారం చాల్లేదు సార్, మా పక్క ఇంతకు రెండింతలుండాల. ఉప్పు మాత్రం బాగా కుదిరింది. సోమవారం నుంచి పంపియ్యండి."

పట్టాభిరామయ్య గారు నవ్వుతూ ఇంకో గ్లాసు మజ్జిగ తెచ్చి అతని ముందు పెట్టారు. ఆంజనేయులు గారు మాత్రం నవ్వలేదు. నా చెవిలో, "సోమవారం ఉప్పు ఎవరు చూస్తారు మాస్టారూ?" అన్నారు.

ఇంకెవరు చూస్తారు! సోమవారం, ఆ తర్వాత ప్రతి రోజూ, క్యారియర్లు కట్టకముందే వెళ్లి ఆయనే కూర్చున్నారు. డాక్టరు మందులిచ్చాడు, వాసన నెమ్మదిగా వస్తుందన్నాడు. ఈలోగా ఈయన బెంగ కొత్తదారి పట్టింది. మంచుకి చెవులకి మఫ్లరు. దుమ్ముకి ముక్కుకి రుమాలు. టీ పూర్తిగా చల్లారితే గానీ తాగరు, నాలుక కాలుతుందేమోనని.

మొన్న ఫ్యాక్టరీ గేటు దగ్గర బండివాడు పిలిచి మరీ వేడివేడి బజ్జీ పొట్లం చేతిలో పెట్టాడు. ఆంజనేయులు గారు దాన్ని ముక్కు దగ్గరికి తీసుకెళ్లి, కళ్లు మూసుకుని గట్టిగా పీల్చారు. తర్వాత నాకిచ్చేశారు.

"మీరు తినండి మాస్టారూ. రేపు వంకాయ కూర" అన్నారు.