మామిడి కొత్తకు ముందు

కృపామణి టీచరు నర్సీపట్నంలో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పింది. చర్చి ఆవరణలో స్కూలు. పెంకుల కప్పు, ఎనిమిది గదులు. ఏడో తరగతి కిటికీలోంచి కొండలు కనిపిస్తాయి. ఎండ ముదిరాక కనిపించవు.

ఆ తరగతిలో ఎక్కువమంది ఊళ్లోవాళ్లు. దుకాణాలవాళ్ల పిల్లలు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల పిల్లలు. ఓ ఆరేడుగురు మాత్రం ఘాటు రోడ్డు పైనున్న కొండ ఊళ్ల నుంచి దిగి, హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్లు. వాళ్లు చివరి బల్లల మీద కూర్చునేవారు. అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పలేదు. ప్రతి సోమవారం ఆమె వాళ్లను మిగతా పిల్లలతో కలిపి కూర్చోబెట్టేది. బుధవారానికల్లా మళ్లీ చివరికి చేరేవారు.

తొంభై ఆరు మార్చిలో 'భిన్నత్వంలో ఏకత్వం' పాఠం వచ్చింది. ఈసారి పుస్తకం తెరవకుండా చెప్పాలనుకుంది. అందరూ తమ ఇంట్లో తినేది ఏదో ఒకటి తేవాలి. అందరూ అందరివీ తినాలి.

భర్త జాన్ బాబు పోస్టాఫీసులో పనిచేసేవాడు. విని నవ్వాడు.

"పాఠమా, పెళ్లి భోజనమా?"

"కలిసి తింటే కదండీ ఒకళ్ల గురించి ఒకళ్లకి తెలిసేది."

"తెలుస్తాది. ఎవరింట్లో కారం ఎక్కువో తెలుస్తాది."

ఆమె బజారులో పచ్చి మామిడికాయలు కొంది. అప్పుడే దిగుతున్న కాయలు. ముక్కలు కోసి, ఉప్పూ కారం చల్లి, స్టీలు డబ్బాలో పట్టుకెళ్లింది.

ఈశ్వరి చివరి బల్ల పిల్ల. పన్నెండేళ్లు. చింతపల్లి అవతల ఊరు. మాట తక్కువ. మ్యాపు గీస్తే మాత్రం క్లాసంతా దాని చుట్టూ చేరేది. ఆ రోజు హాస్టల్లో అడవి దుంపలు ఉడకబెట్టించి తెచ్చింది. ఊరి పిల్లలు మొదట వాసన చూశారు. తర్వాత గిన్నె ఖాళీ చేశారు. ఈశ్వరి ఆ ఖాళీ గిన్నెలోకి చూసుకుని నవ్వింది.

తర్వాత మామిడి ముక్కలు పంచారు. ఈశ్వరి ముక్కను అరచేతిలోనే పెట్టుకుంది.

"తినవేం ఈశ్వరీ?"

"ఒద్దండి టీచరండి."

"పులుపా?"

తల అడ్డంగా ఊపింది.

ముందు బల్లలోంచి కొండబాబు అందుకున్నాడు. "ఆలకి అడివి నిండా మావిడికాయలేనండి. మొహం మొత్తేసుంటాది." క్లాసు నవ్వింది.

"కాదండి, మనం ముట్టుకున్నాయని తినదేమోనండి," అంది షర్మిల. "మరి మనం దాని దుంపలు తినీనాం కదా!"

ఆ మాట కృపామణికి తగిలింది. ఆమె పుట్టింది రావికమతం దగ్గర. చిన్నప్పుడు కొన్ని ఇళ్ల ముందు దోసిలి పడితే, పైనుంచి నీళ్లు పోసేవారు. చెంబు ఇచ్చేవారు కాదు. ముట్టుకున్నదని తినకపోవడం ఎలాంటిదో ఆమెకు తెలుసు. తన క్లాసులో అది ఉండకూడదు.

పిల్ల అరచేతిలోంచి ముక్క తీసుకుంది. "నా చేత్తో పెడితే తింటావా?" అని, నవ్వుతూ ఈశ్వరి నోట్లో పెట్టింది.

ఆ పిల్ల ఆమె మొహంలోకి చూసింది. చాలాసేపు నమల్లేదు. తర్వాత నమిలి మింగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం కృపామణి తేలికైన మనసుతో ఇంటికి వెళ్లింది. పాఠం బాగా వచ్చిందని జాన్ బాబుకి చెప్పింది.

మరుసటి వారం ఈశ్వరి రాలేదు. నాయనమ్మకి జ్వరమని తండ్రి వచ్చి తీసుకెళ్లాడని హాస్టల్లో చెప్పారు. ఆ పిల్ల రాకుండానే పరీక్షలు అయిపోయాయి. జూన్‌లో బడి తెరిచారు. ఏడో తరగతిలోనే ఉండిపోయిన ఈశ్వరి పేరు పిలిచినప్పుడల్లా చివరి బల్లలోంచి ఎవరో ఒకరు "రాలేదండి" అనేవారు. నెల దాటితే పేరు కొట్టెయ్యాలి. కృపామణి కొట్టెయ్యలేదు.

జూలైలో ఒక శనివారం మొదటి బస్సు ఎక్కింది. ఘాటు దాటి, చింతపల్లి దాటి, దిగి గంటసేపు నడిచింది.

తండ్రి మత్స్యలింగం పసుపు చేలో ఉన్నాడు. చేతులు కడుక్కుని వచ్చి, అరుగు మీద చాప వేశాడు.

"పిల్లని ఎందుకు పంపడం లేదండీ?"

"నాను పంపనన్లేదండి. అదే ఎల్నంటంది."

అతను నెమ్మదిగా చెప్పాడు. వాళ్ల ఊళ్లో పూజారి ఒక రోజు నిర్ణయించి, ఊరి అమ్మవారి ముందు కొత్త కాయలు పెట్టేదాకా ఆ యేటి మామిడికాయ ఎవరూ కొరకరు. దాన్ని మామిడి కొత్త అంటారు. ఆ యేడు మామిడి కొత్తకి అప్పటికి ఇంకా పది రోజులుంది. ఈశ్వరి ఇంటికి రాగానే, తిన్నానని చెప్పేసింది. అప్పటికే ముసలామె జ్వరంతో పడుకుని ఉంది.

"మేం దాన్ని ఏటీ అన్లేదండి. మాయమ్మకి జరం ఏటేటా ఒస్తాది. తనవల్లే ఒచ్చిందని అదే అనుకుంటంది."

"ఈశ్వరి ఏది?"

"మీరొస్తంటే సూసి ఎనకదారంట ఎల్పోనాదండి."

గుమ్మం పక్కన నాయనమ్మ సింహాద్రమ్మ కూర్చుని ఉంది. జ్వరం ఎప్పుడో తగ్గింది. ఆమె అడిగింది.

"అయితే అమ్మా, మీ దేవుడికి ముందు పెట్టరేటి?"

గొంతులో ఎత్తిపొడుపు లేదు. తెలుసుకోవాలని అడిగింది.

కృపామణి తలూపింది. పెడతారు. కోతల పండగకి చర్చి నిండా పెడతారు. రావికమతంలో అమ్మ, పాదుకి కాసిన మొదటి ఆనపకాయకి గుడ్డపీలిక కట్టేది. అది ప్రభువుది, ముట్టకండి అనేది. ఎనిమిదేళ్లప్పుడు ఒకసారి తను ఆ కాయ తెంపేసింది. అమ్మ కొట్టలేదు. ఆ మధ్యాహ్నం అన్నం మానేసింది. ఇదంతా తనకి తెలుసు. తెలిసీ, ముక్క ఆ పిల్ల అరచేతిలో ఉన్నప్పుడు గుర్తుపట్టలేదు.

చివరి బస్సు వేళదాకా కూర్చుంది. ఈశ్వరి రాలేదు.

"తప్పు నాదని చెప్పండి," అంది లేస్తూ.

"సెప్తాం," అంది సింహాద్రమ్మ. "మేం సెప్తే ఇంటే కదమ్మా."

తిరిగొచ్చాక రెండు ఉత్తరాలు రాసింది. జవాబు రాలేదు. "చేరకపోతే తిరిగొచ్చేవి కదా, చేరుంటాయిలే," అన్నాడు జాన్ బాబు. ఆ విషయంలో అతను మళ్లీ ఆమెను ఏడిపించలేదు.

తర్వాత ప్రతి మార్చిలోనూ ఆ పాఠం వచ్చింది. ఆమె తినేవి తెమ్మనలేదు. బోర్డు మీద ఒక ప్రశ్న రాసేది. మీ ఇంట్లో దేన్ని ఎప్పటిదాకా ముట్టుకోకూడదు? దాని కింద తన జవాబు ముందు రాసేది, ఆనపకాయ సంగతి. పిల్లలు మొదట వేళాకోళం చేసేవారు.

"మా నాన్న రేడియోనండి! ఎప్పటికీ ముట్టుకోకూడదు!"

నవ్వులు అయ్యాక మాటలు వచ్చేవి. చావు జరిగిన ఇంట్లో పొయ్యి ఎన్నాళ్లకు వెలిగిస్తారో ఒక పిల్ల చెప్పింది. కొర్రలు కోశాక, తినే ముందు ఏం చేస్తారో చివరి బల్లలోంచి ఒకడు లేచి చెప్పాడు. వాడు అంతకుముందు క్లాసులో నోరెత్తలేదు. పిల్లలు వెనక్కి తిరిగి విన్నారు. ఏ ఇంటిది మంచి పద్ధతో ఆమె చెప్పేది కాదు. ఒక అమ్మాయికి తను బలవంతంగా తినిపించిన సంగతి మాత్రం చెప్పేది. పేరు చెప్పేది కాదు.

"ఆ అమ్మాయి మళ్లీ ఒచ్చిందాండి?" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడిగేవారు.

"రాలేదు," అని చెప్పి, బోర్డు తుడిచేది.

రెండువేల ఐదు మే నెలలో, బస్ స్టాండులో ఒకామె దగ్గరకొచ్చింది. సంతలో చింతపండు అమ్మేసిన ఖాళీ గంపలు చంకలో ఉన్నాయి.

"బాగున్నారేటండి టీచరండి?"

కృపామణి పోల్చుకుంది. తొమ్మిదేళ్లుగా అనుకున్న మాటలు చాలా ఉన్నాయి. "ఈశ్వరీ, ఆ రోజు..." అని మొదలుపెట్టింది.

"ఉత్తరాలు అందేయండి. రెండూ."

"జవాబు రాయలేదేం?"

"ఏటి రాయాలండి?" గంపలు కింద పెట్టింది. "మీరు పెట్టేరు గానీ మింగింది నానే కదండి. ఉమ్మేసుండొచ్చండి."

"మరి ఎందుకు మింగేవమ్మా?"

"మీరు పెట్టేరని."

కృపామణి బెంచీ మీద కూర్చుంది. ఈశ్వరి కొంగుతో మొహం తుడుచుకుంది.

"బడికి రావాలనుండేదండి. ఒక రెండేళ్లు రోజూ ఉండేది. తరవాత పెళ్లి సేసేసినారు. ఇప్పుడు ఇంటికాడ బిడ్డుంది."

"ఇప్పుడైనా..." అనబోయి కృపామణి ఊరుకుంది. ఇంటి దగ్గర బిడ్డ ఉన్న మనిషికి ఇవ్వడానికి తన దగ్గర ఏడో తరగతి లేదు.

"నానెల్లిపోయాక ఏ పాటాలు సెప్పేరండి?" ఈశ్వరి అడిగింది.

"రెండే మిగిలాయి. ఓటు గురించి ఒకటి. మన పక్క దేశాల గురించి ఒకటి."

"ఓటు పోయినేడు ఏసినానండి. రెండోది సెప్పండి. బస్సుకి ఇంకా టైముంది."

కృపామణి చేతిసంచి పక్కన పెట్టింది. పైనుంచి మొదలుపెట్టింది. నేపాల్ చెప్పింది. భూటాన్ చెప్పింది.

"కొండలేనా టీచరండి?"

"కొండలే. మన కొండలకంటే చాలా ఎత్తు."

"ఆలేటి తింటారు?"

"నాకు తెలీదు ఈశ్వరీ. వాళ్లనే అడగాలి."

ఈశ్వరి తలూపింది. తూర్పున బర్మా అనగానే, "రంగం ఉన్న దేశమేనా? మా అత్తోరి తాత ఎల్లేడంట," అంది. అవునంది కృపామణి. రంగం అంటే రంగూన్ అని, అది ఎంత దూరమో, ఓడలో ఎలా వెళ్లేవారో చెప్తూ ఉంది. చింతపల్లి బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటున్నారు. "బేగి ఎక్కండి, బేగి," అంటున్నాడు కండక్టరు.

ఈశ్వరి గంపలు ఎత్తుకుని పరిగెత్తింది. కిటికీ దగ్గర సీటు దొరికింది. తల బయటపెట్టి అడిగింది.

"ఇంకేటున్నాయండి?"

కృపామణి లేచి కిటికీ దగ్గరకు వెళ్లింది. బస్సు కదిలింది. పక్కనే నడుస్తూ బంగ్లాదేశ్ అంది. పాకిస్తాన్ అంది. శ్రీలంక అనేసరికి బస్సు రోడ్డెక్కింది.