చించిన తీర్పు

ఆ రోజుల్లో మా వాకాడు వైపు అప్పు తీరిందంటే నోటు చించెయ్యడమే. ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ ఎదురెదురుగా కూర్చుని కాగితాన్ని ముక్కలు చేసి, కలిసి టీ తాగితే ఆ వ్యవహారం భూమ్మీద లేనట్టే. కుర్రతనంలో నేనూ అదే నమ్మాను. రొయ్యల గుంటకు మేత అరువు తెచ్చాను, రొయ్యలు చచ్చాయి, మేత కొట్టు అన్న (సొంత అన్న కాదు, అప్పిచ్చినవాడు ఎవరైనా మాకు అన్నే) కోర్టుకెక్కి నా గుంటను జప్తు చేయించాడు; సాగు చేసుకోవచ్చు గానీ అమ్మడానికి లేదు. తర్వాత రెండు పంటలు కలిసొచ్చి బాకీ మొత్తం ఆయన చేతిలో పోశాను. నోటేమో కోర్టులో ఉండిపోయింది. చించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని, నా దగ్గరున్న తీర్పు నకలును చెరో కొసా పట్టుకుని చించి ఉప్పుటేరులో కలిపేశాం.

ఆ తర్వాత మా పక్కనున్న కోట ఊళ్లో సంబంధం కుదిరింది. పిల్ల నాకు తెగ నచ్చింది. కాబోయే మామగారు మాత్రం రిజిస్ట్రారు ఆఫీసులో నా గుంటకు ఈసీ, అంటే దాని మీద ఏ చిక్కులున్నాయో చెప్పే కాగితం, తీయించారు. జప్తు అందులో అలాగే ఉంది. "గుంట మీద కోర్టు కూర్చోనుండాదే అబ్బాయా. అది లేచినాక ముహూర్తం చూస్తాం" అన్నారు. వకీలు దగ్గరికి పరిగెత్తితే ఆయన నన్ను జాలిగా చూశారు. "మీరు చించింది కాగితం. అప్పు తీరిందని కోర్టుకెవరు చెప్పినారు? అప్పిచ్చినాయనే వచ్చి చెప్పాల. అప్పుడు కోర్టు జప్తు ఎత్తేసి రిజిస్ట్రారుకు రాస్తాది."

మేతన్న రానన్నాడు. "బాకీ ముట్టిందని నలుగురిలో చెప్తే, నాకు అప్పులిచ్చినోళ్లంతా తెల్లారేసరికి కొట్టు ముందర ఉంటారు. నీ పెళ్లికి నా కొంప ముంచుతావా?" కాళ్లావేళ్లా పడితే చివరికి తలకు తుండు చుట్టుకుని వచ్చాడు. జడ్జిగారు అడిగితే గొణిగాడు. "గట్టిగా చెప్పండి" అన్నారావిడ. "ముట్టిందమ్మా, మొత్తం ముట్టింది" అన్నాడు, హాలంతా వినబడేలా. వెనక బెంచీలో ఎవరో ఫోను తీసుకుని గబగబా బయటికి నడిచారు. నాకు ఆయన మీద జాలేసింది కానీ, సంతోషం దాన్ని మింగేసింది.

జప్తు ఎత్తేసినట్టు ఈసీలో ఎక్కింది. మామగారు దాన్ని రెండుసార్లు చదివి ముహూర్తం పెట్టించారు. పెళ్లి పందిట్లో అక్షింతలు వేస్తూ మేతన్న నా చెవిలో అన్నాడు: "నేనన్నట్టే అయింది అబ్బాయా, అందరూ మీదబడినారు. నా అప్పుకు ఒక చిన్న జామీను సంతకం పెట్టు." పాపం, నా వల్లే కదా అని పట్టు చొక్కా జేబులో పెన్ను వెతుకుతున్నాను. పక్కనుంచి పసుపు రాసిన చెయ్యి ఒకటి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "వకీలుని అడిగినాక పెడుదురు లెండి" అంది. పెళ్లయ్యాక మా ఆవిడ నాతో అన్న మొదటి మాట అదే. ఆ చెయ్యి ఇప్పటికీ వదల్లేదు. అయినా, తాళి కట్టిన చేత్తోనే పెన్ను వెతుక్కున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే కోపం రాదు, కొంచెం ముద్దొస్తాడు.