జ్ఞానేశ్వరి పక్కన కూర్చున్న బాలవ్వ

కొండపాక నుంచి సిద్దిపేటకు వచ్చి బాల్వాడీలో ఆయాగా చేరేనాటికి బాలవ్వకు ముప్పై రెండేళ్లు. చదివింది ఐదో తరగతి. పిల్లల ముక్కులు తుడవడం, ఉప్మా వండి పెట్టడం ఆమె పని. ఏ పిల్లయినా వింతగా ఏదైనా చేస్తే మాత్రం కసరకుండా పక్కన కూర్చుని చూసేది. ఎందుకు చేస్తోందో తెలుసుకోవాలని ఆమెకు మహా కుతూహలం.

అది 1984. స్టీలు సామాన్ల దుకాణం నడిపే హరికిషన్ భార్య సుగుణ, తన మూడేళ్ల బిడ్డ జ్ఞానేశ్వరిని చంకనేసుకుని వచ్చింది. పిల్లకు మాట లేదు. పిలిస్తే తిరిగి చూడదు. చెవుడేమో అనుకుంటే, అవతలి గదిలో బిస్కెట్ పొట్లం విప్పిన చప్పుడుకే పరుగెత్తుకొస్తుంది. హైదరాబాద్‌లో ఒక డాక్టరమ్మ చూసి ఆటిజం అని పేరు చెప్పింది. మందు లేదంది. ఈ వయసులోనే రోజూ రెండు గంటలు ఎవరైనా దగ్గర కూర్చుని ఆడించాలంది.

“మా అత్తమ్మ తాయెత్తు కట్టించింది. ఆయన దుకాణం ఇడిసి రాడు. నాకు దీన్ని చూస్తే ఏడుపే వస్తది. నువ్వు కూసుంటవా బాలవ్వా?” అని సుగుణ అడిగింది.

“ఏం ఆడియ్యాలె?”

“పిల్ల ఏదాడితే మనం గదే ఆడాల్నట.”

బాలవ్వకు ఆ మాట విచిత్రంగా తోచింది. సరేనంది. బాల్వాడీ అయిపోగానే రోజూ మధ్యాహ్నం సుగుణ ఇంటికి పోయేది.

జ్ఞానేశ్వరికి ఒకటే ఆట. గిన్నె మూతను గచ్చు మీద గిర్రున తిప్పి, చెంప నేలకానించి అది ఆగేదాకా చూడడం. బాలవ్వ కూడా ఎదురుగా చెంప ఆనించి పడుకుంది. మూత అంచు మీద కిటికీ వెలుతురు పరుగులు తీసింది. ఆగబోయే ముందు చప్పుడు సన్నబడి, గబగబా కొట్టుకుని ఊరుకుంది. ‘గిదా బిడ్డా, నువ్వు చూసేది’ అనుకుంది బాలవ్వ. బాగానే ఉంది. ఇంకోసారి తిప్పితే బాగుండుననిపించింది.

పన్నెండో రోజు మూత ఆగగానే బాలవ్వ దాని మీద చెయ్యి పెట్టింది. పిల్ల ఆ చేతిని లాగింది, గిచ్చింది. చివరికి తలెత్తి బాలవ్వ మొహంలోకి చూసింది. రెప్పపాటు అంతే.

“ఇయ్యాల్నా?” అని బాలవ్వ వెంటనే ఇచ్చేసింది.

ఆరు నెలలకు పిల్ల “ఇయ్” అంది. సుగుణ దుకాణానికి పరుగెత్తింది. హరికిషన్ గిరాకీని వదిలేసి వచ్చి గంటసేపు నిలబడ్డాడు. పిల్ల పెదవి కదపలేదు. మర్నాడూ వచ్చాడు. నాలుగో రోజు నిలబడకుండా నేల మీద కూర్చున్నాడు. ఆ రోజు జ్ఞానేశ్వరి అతని చేతిలోని మూతకేసి చూసి “ఇయ్” అంది. హరికిషన్ మూత ఇవ్వడం కూడా మరిచిపోయి, మళ్లీ అనమ్మా, మళ్లీ అనమ్మా అంటూ ఉండిపోయాడు.

అన్నీ అట్లా కలిసిరాలేదు. ఒక పెళ్లి ఊరేగింపులో పిల్ల బాలవ్వ ముంజేతిని రక్తం వచ్చేట్టు కొరికింది. జనాన్ని చూసి భయపడిందని బాలవ్వ అనుకుంది. అది కాదని, మైకు మోత తట్టుకోలేకపోయిందని తెలియడానికి ఆమెకు ఏడాది పట్టింది. బడిలో లెక్కలు వచ్చాయి, కథలు ఎక్కలేదు. ఆరో తరగతితో చదువు ఆగిపోయింది. పదిహేనేళ్లకు జ్ఞానేశ్వరి పొద్దున పూట దుకాణంలో కూర్చుని గిన్నెలను సైజుల వారీగా సర్దేది. ఎవరైనా అడిగితే ఏ గిన్నె ఏ అరలో ఉందో చెప్పేది. మైకు మోగితే మాత్రం లోపలి గదిలోకి పోయి తలుపేసుకునేది.

1997లో ఆ డాక్టరమ్మ నుంచి ఉత్తరం వచ్చింది. అప్పట్లో తాను చూసిన పిల్లలు ఇప్పుడెట్లా ఉన్నారో ఒకసారి చూడాలని రాసింది. ముగ్గురు ఆడవాళ్లూ బస్సెక్కి పోయారు. అక్కడ బెంచీ మీద జగదేవ్‌పూర్ రైతు రాజనర్సు తన కూతురితో కూర్చుని ఉన్నాడు. ఆ పిల్లా మూడేళ్లప్పుడే వచ్చిందట. తల్లి రోజూ ఆడించిందట. అయినా మాట రాలేదు. కావలసిన దాని మీద తండ్రి చేతిని తీసుకెళ్లి పెడుతుంది.

బాలవ్వ చాలాసేపు ఆ పిల్లనే చూసింది. తమ వంతు రాగానే డాక్టరమ్మను అడిగేసింది.

“అమ్మా, నేను కూసుంటేనే మా పిల్ల గిట్లయిందా? కూసోకున్నా అయ్యేదా?”

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. “నాకూ తెలియదు బాలవ్వా. అది తెలుసుకుందామనే అందరినీ పిలిచాను. తొందరగా మొదలుపెడితే చాలామందికి మేలు జరిగింది. ఎవరికెంత, ఎందుకంత అంటే ఇప్పుడే చెప్పలేను.”

తిరుగు బస్సులో బాలవ్వ ఆ మాటే తలపోస్తూ కూర్చుంది. పెద్ద డాక్టరుకే తెలియదంటే మొదట దిగులేసింది. తర్వాత, తెలియదని ఆమె ఒప్పుకోవడం నచ్చింది.

ప్రజ్ఞాపూర్‌లో బస్సు ఆగింది. జ్ఞానేశ్వరి కిటికీలోంచి బయటకు చూస్తూనే అడిగింది.

“బాలవ్వా, నీకు ఆకలైతుందా?”

సుగుణ చప్పున ఇటు తిరిగింది. తనకు ఆకలేస్తే చెప్పడం ఆ పిల్లకు ఎప్పుడో వచ్చింది. ఎదుటి మనిషికి ఆకలేస్తోందా అని అడగడం ఇదే మొదలు. పదమూడేళ్లలో ఎవరూ నేర్పని మాట అది. ఎక్కడి నుంచి వచ్చిందో బాలవ్వకు అంతు చిక్కలేదు. ఆమెకు ఆకలిగా లేదు.

“అయితుంది బిడ్డా” అంది.

సుగుణ అరటిపండ్ల కోసం బస్సు దిగింది.