పోర్ట్ బ్లెయిర్ నుంచి రాయ్‌పూర్‌కి ఒక గీత

మా అమ్మ పోయినప్పుడు చెల్లెలు కావాలనే ఆలస్యంగా వచ్చిందని బిలాస్‌పూర్‌లో మా రైల్వే తెలుగువాళ్లంతా ఇప్పటికీ అనుకుంటారు. అది నిజం కాదు. ఆ మాట పుట్టించింది నేను కాకపోయినా, దాన్ని ఆపగలిగింది నేనొక్కడినే. ఆపలేదు.

చెల్లెలి కాపురం పోర్ట్ బ్లెయిర్‌లో. మే నెలలో ఒక సాయంత్రం అమ్మ పోయిందని ఫోన్ చేశాను. ఏడుస్తూనే చెప్పింది.

"ఈపూట విమానాలు అయిపోనాయి అన్నయ్యా. రేపు కోల్‌కతా వచ్చి అక్కడ మారాల. ఇంటికొచ్చేసరికి రాత్రయిపోతాది."

"రాత్రేటి? రాయ్‌పూర్‌కి రెండున్నర గంటలే. నాను చూసినాను కదా!"

చూసిన మాట నిజమే. ఫోనులో పోర్ట్ బ్లెయిర్, మా ఊరు వచ్చేవాళ్లు దిగే రాయ్‌పూర్, ఈ రెండు విమానాశ్రయాల పేర్లు కొడితే సముద్రం మీదుగా ఒక గీత వచ్చింది. దాని కింద దూరం, ప్రయాణ సమయం. నేను రైల్వే కంట్రోల్ ఆఫీసులో పనిచేసేవాడిని. మా పటంలో రెండు స్టేషన్ల మధ్య గీత ఉంటే అక్కడ పట్టాలున్నట్టే, వాటి మీద ఏదో ఒక బండి నడుస్తున్నట్టే. ఈ గీత వట్టి లెక్క అనీ, దాని మీద ఏ విమానమూ నేరుగా ఎగరదనీ నాకు తట్టలేదు. ఆమె ఇంకేదో చెప్పబోతుంటే, "ముందు బయల్దేరు" అని ఫోన్ పెట్టేశాను.

చెల్లెలు మధ్యాహ్నానికల్లా వచ్చేస్తుందని అందరికీ చెప్పాను. శవాన్ని ఉంచడానికి ఐసు పెట్టె తెచ్చిన మనిషిని అవసరం లేదని నేనే వెనక్కి పంపాను. మర్నాడు ఎండ ముదిరాక మళ్లీ పిలిస్తే, అది ఊళ్లోనే తెలిపారా అనే పేటలో వేరే ఇంటికి వెళ్లిపోయిందన్నాడు.

మధ్యాహ్నం దాటింది. చెల్లెలి ఫోన్ కలవలేదు.

"ఏట్రా, నీ చెల్లెలు గాల్లోనే ఉండిపోనాదేటి?" అన్నాడు మా మేనమామ.

"సముద్రం గాలికి అలవాటు పడినోలికి ఈ ఎండలోకి రాబుద్దేస్తాదేటి?" అంది పక్క క్వార్టర్ ఆవిడ. ఒకరిద్దరు నవ్వారు.

రాత్రవుతుందని ఆమె నాకు ముందే చెప్పిందని అప్పుడే అనాల్సింది. అనలేదు. "ఇంక ఆగలేం, ఎత్తండి" అన్నాను.

చెల్లెలు వచ్చేసరికి ఇల్లు కడిగేసి ఉంది. నన్ను ఒక్క మాట అడగలేదు. పన్నెండో రోజు కాగానే వెళ్లిపోయింది. మళ్లీ ఈ ఊరు రాలేదు.

ఈ మధ్య మామయ్యకు జరిగిందంతా చెప్పాను. "అచ్ఛా, ఇప్పుడెందుకురా అయ్యన్నీ" అని టీవీ వైపు తిరిగాడు. పక్క క్వార్టర్ వాళ్లు రిటైరై రాజ్‌కిశోర్ నగర్‌లో ఉంటే అక్కడికీ వెళ్లి చెప్పాను. తర్వాత చెల్లెలికి ఫోన్ చేసి, తప్పు నాదేనని అందరికీ చెబుతున్నానన్నాను.



"మంచిదన్నయ్యా. మరి ఆ రోజు అమ్మ మొకం ఎలాగున్నాది? నువ్వు పక్కనే ఉన్నావు గదా."

ఆ రోజంతా నేను వాకిట్లో నిలబడి, సందులోకి వచ్చే కార్లనే చూస్తూ ఉన్నాను.